ఉప్పునీటి ఈటీపీలో నైట్రోజన్ అంచనా: ఏ మోడల్ ఎవరికి పనికొస్తుంది?

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఈటీపీ (వాడిన నీళ్లని శుద్ధి చేసే విభాగం) ఆపరేటరు ఒకాయన ఎయిరేషన్ ట్యాంకు గట్టు మీద నిలబడి నురగ వైపు చూస్తూ, "రేపు అమ్మోనియా పెరుగుద్దండీ. రాత్రి ఉప్పు ట్యాంకులు కడిగేశారు" అన్నాడు. నా ల్యాప్‌టాప్‌లోని మోడల్, అంటే పాత రీడింగుల నుంచి నేర్చుకుని రేపటి అమ్మోనియా అంచనా వేసే ప్రోగ్రామ్, మాత్రం రేపు కూడా ఈరోజులాగే ఉంటుందని చెప్పింది. మర్నాడు ఆయన మాటే నిజమైంది. ఇందులో పెద్ద రహస్యమేం లేదు. రాత్రి ఉప్పునీళ్లు వదిలిన సంగతి ఆయనకు తెలుసు. నా డేటా పట్టికలో ఆ సంగతికి కాలమ్ అనేదే లేదు.

ఈ పనిలో ఉన్నానని తెలిసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "ఎక్స్‌జీబూస్ట్ వాడమంటారా, ఎల్‌ఎస్‌టీఎం వాడమంటారా?" రెండూ డేటా నుంచి నేర్చుకునే మెషిన్ లెర్నింగ్ పద్ధతులే. అడిగేవాళ్లు మూడు రకాలు. ల్యాబులో చిన్న రియాక్టర్లు నడుపుతున్న ఎంటెక్, పీహెచ్‌డీ విద్యార్థులు. లాగ్‌బుక్కు తప్ప వేరే ఆధారం లేని ప్లాంటు ఇంజినీర్లు. ఆన్‌లైన్ సెన్సర్లు పెట్టించుకుని ఆ డేటాని ఏం చెయ్యాలో తోచని కంపెనీలు. ముగ్గురికీ ఒకే జవాబు కుదరదు.

అందుకని అన్ని మోడళ్లనూ ఒకే ప్రశ్నతో పరీక్షిస్తాను. ఇప్పటిదాకా లీటరుకు 18 గ్రాములకు మించి ఉప్పు చూడని మోడల్ ముందు 26 గ్రాముల రోజు పెడితే అది ఏం చెబుతుంది? కండక్టివిటీ మీటరు భాషలో, 29 మిల్లీసీమెన్స్ దగ్గర ఆగిపోయే ముల్లు ఒక రోజు 40కి పోతే? ప్లాంటులో టెన్షన్ పెట్టేది అలాంటి రోజే. మామూలు రోజుల అంచనాకి మోడలెందుకు, నిన్నటి రీడింగు చాలు.

ఉప్పు చేసే పని

అమ్మోనియా పోవాలంటే రెండు దశలు. ముందు ఒక జాతి బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, తర్వాత ఇంకో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఆపైన గాలి లేని ట్యాంకులో ఇంకొన్ని బ్యాక్టీరియాలు నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా వదిలేస్తాయి. మొదటి రెండు దశలకే ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కి 4.57 గ్రాముల ఆక్సిజన్, 7.14 గ్రాముల ఆల్కలినిటీ ఖర్చవుతాయి.

ఉప్పు ఈ లెక్కను అన్ని వైపుల నుంచీ చెడగొడుతుంది. 30 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి. అదే సముద్రపు నీళ్లయితే, అంటే లీటరుకు 35 గ్రాముల ఉప్పున్నప్పుడు, సుమారు 6.2 మాత్రమే. ఆక్సిజన్ అవసరం తగ్గదు, దొరికేది తగ్గుతుంది. సోడియం ఎక్కువైతే బురద, అంటే ట్యాంకులో పెరిగే బ్యాక్టీరియా ముద్దలు, విడిపోయి క్లారిఫయర్‌లో (బురద అడుక్కి దిగే ట్యాంకులో) సరిగా కూర్చోవు. అన్నిటికన్నా ముఖ్యంగా, రెండో దశ బ్యాక్టీరియా సాధారణంగా మొదటి దశ వాటికన్నా ముందే ఉప్పుకి లొంగిపోతాయి. అప్పుడు నైట్రైట్ పేరుకుంటుంది. అవుట్‌లెట్‌లో అమ్మోనియా, నైట్రేట్ మాత్రమే కొలిచేవాళ్లకి "నైట్రోజన్ బాగానే పోతోంది" అనిపిస్తుంది. పోలేదు, కొలవని చోట దాక్కుంది.

ఇక్కడ ఇంకో మాట. నిలకడగా ఉన్న ఎక్కువ ఉప్పు కన్నా ఒక్కసారిగా మారే ఉప్పే ప్రమాదం. కొన్ని వారాలు సమయమిస్తే బురద చాలా ఉప్పుకి అలవాటు పడుతుంది. అలా అలవాటు పడ్డ బురద మీద భారీ వర్షం నీళ్లు వచ్చి పడి ఉప్పు ఒక్కసారిగా తగ్గినా దెబ్బే. కాబట్టి మోడల్‌కి ఇవ్వాల్సిన కాలమ్ "ఈరోజు ఉప్పు ఎంత" ఒక్కటే కాదు. "నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత మారింది", పెరిగినా తగ్గినా సరే, అదీ ఉండాలి. గత 15 రోజుల సగటు కూడా ఉంటే బురద దేనికి అలవాటు పడి ఉందో మోడల్‌కి తెలుస్తుంది. ఈ రెండు కాలమ్‌లు చేర్చడం వల్ల వచ్చే లాభం, అల్గారిథమ్ మార్చడం వల్ల నేనెప్పుడూ చూడలేదు.

హాంకాంగ్‌తో పోల్చి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ 1950ల నుంచీ టాయిలెట్లలో సముద్రపు నీళ్లే వాడుతున్నారు. ఇప్పుడు జనాభాలో దాదాపు 85 శాతం మందికి ఆ సరఫరా ఉంది. కాబట్టి మురుగునీరు ఎప్పుడూ ఉప్పగానే ఉంటుంది, పెద్దగా ఊగదు. ఊగని కాలమ్ నుంచి ఏ మోడలూ ఏమీ నేర్చుకోలేదు. అలాంటి చోట ట్రెయిన్ చేసిన మోడల్ "ఉప్పు ముఖ్యం కాదు" అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ మాట పట్టుకుని మన తీరంలోని రొయ్యల ప్లాంటుకి వస్తే మాత్రం మునుగుతాం. మన దగ్గర బోరు నీళ్లే సగం ఉప్పు. ఆపైన ఐసు నీళ్లు, ఉప్పులో నానబెట్టిన ట్యాంకులు, ఆర్‌ఓ రిజెక్టు (ఫిల్టర్ చేశాక మిగిలే ఉప్పునీళ్లు). షిఫ్టు షిఫ్టుకీ లెక్క మారిపోతుంది.

శాతం అనే ఉచ్చు

మోడల్ కన్నా ముందు, ఏం అంచనా వెయ్యాలో తేల్చుకోవాలి. చాలామంది "నైట్రోజన్ తొలగింపు శాతం" పెట్టుకుంటారు. నా సలహా: వద్దు.

ఎందుకో చిన్న లెక్క. ఒక ప్లాంటు అవుట్‌లెట్ ఏ రోజు చూసినా లీటరుకు 30 మిల్లీగ్రాములే అనుకుందాం. ఇన్‌లెట్ 60 ఉన్న రోజు తొలగింపు 50 శాతం. ఇన్‌లెట్ 150 ఉన్న రోజు 80 శాతం. అంటే ఇన్‌లెట్ తెలిస్తే చాలు, శాతం తెలిసిపోయినట్టే. మోడల్ ఆర్-స్క్వేర్డ్ (అంచనా నిజానికి ఎంత దగ్గరో చెప్పే మార్కు, 1 అంటే పూర్తిగా సరి) 1కి అంటుకుపోతుంది. బ్యాక్టీరియా గురించి, ఉప్పు గురించి అది నేర్చుకున్నది సున్నా. భాగహారంలో ఇన్‌లెట్ రెండు చోట్లా కూర్చుని ఉంది, అంతే.

రొయ్యల నీళ్లలో ఇంకో చిక్కుంది. లోపలికి వచ్చే నైట్రోజన్‌లో ఎక్కువ భాగం అమ్మోనియా కాదు, ప్రోటీన్. అది ట్యాంకులో కుళ్లి అమ్మోనియా అవుతుంది. ఇన్‌లెట్‌లో అమ్మోనియా 18, టీకేఎన్ (అమ్మోనియా, ఆర్గానిక్ నైట్రోజన్ కలిపి) 110 అనుకోండి. అవుట్‌లెట్‌లో అమ్మోనియా 42, నైట్రేట్ 6, మిగిలిన ఆర్గానిక్ నైట్రోజన్ 8. అమ్మోనియా లెక్కన తొలగింపు మైనస్ 133 శాతం! మొత్తం నైట్రోజన్ లెక్కన 110లో 56 మిగిలింది, అంటే 49 శాతం పోయింది. ప్లాంటు ఒకటే, రోజు ఒకటే. ఏ అంకె పెట్టుకున్నారన్న దాన్ని బట్టి మోడల్ నేర్చుకునే పాఠమే మారిపోతుంది.

రేపటి అవుట్‌లెట్ అమ్మోనియా ఎన్ని మిల్లీగ్రాములు, దాంతోపాటు మొత్తం నైట్రోజన్ ఎంత. ఈ రెంటినే అంచనా వెయ్యమనండి. కాలుష్య నియంత్రణ బోర్డు పరిమితులు కూడా లీటరుకు మిల్లీగ్రాముల్లోనే ఉంటాయి: పర్యావరణ పరిరక్షణ నియమాల సాధారణ ప్రమాణాల్లో అమ్మోనియా నైట్రోజన్ 50, టీకేఎన్ 100, సముద్రంలోకి వదిలేటప్పుడు నైట్రేట్ నైట్రోజన్ 20. మీ సీఎఫ్‌ఓలో (ప్లాంటు నడపడానికి బోర్డు ఇచ్చే అనుమతిలో) ఇంకా కఠినంగా రాసి ఉండొచ్చు, ముందు అది చూసుకోండి.

లాగ్‌బుక్కు నమ్మేముందు

నాకిచ్చిన మొదటి లాగ్‌బుక్కులో పీహెచ్ 7.2, 7.2, 7.2 అని పేజీ పేజీకీ అదే. మధ్యలో ఒకే ఒక్క రోజు 6.4. ఆ ఒక్క రోజే నిజంగా కొలిచారని తర్వాత తెలిసింది. ఇలాంటి కాలమ్‌ని మోడల్‌కి ఇవ్వడం కన్నా తీసి పారేయడం మేలు.

ఉప్పునీటికి ప్రత్యేకంగా కొన్ని మాయ రీడింగులుంటాయి. వాటిలో మొదటిది సీఓడీ, అంటే నీళ్లలోని మలినాలను ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ లెక్క. డైక్రోమేట్ పద్ధతిలో క్లోరైడ్ కూడా ఆక్సీకరణ చెంది సీఓడీగా కనబడుతుంది. మెర్క్యురిక్ సల్ఫేట్ వేస్తారు గానీ, లీటరుకు 2000 మిల్లీగ్రాముల క్లోరైడ్ దాటితే మామూలు పద్ధతి నమ్మదగ్గది కాదు. సముద్రపు నీళ్లలో క్లోరైడ్ 19,000 ఉంటుంది. శాంపిల్‌ని సరిపడా పలుచన చెయ్యకపోతే మీ సీఓడీ కాలమ్‌లో సగం ఉప్పే. మోడల్ దాన్ని చూసి "సీఓడీ పెరిగితే అమ్మోనియా పెరుగుతోంది" అంటుంది. అది చెబుతున్నది ఉప్పు కథే, వేరే పేరుతో.

అమ్మోనియం సెన్సర్లూ అంతే. అయాన్ సెలెక్టివ్ ప్రోబులు పొటాషియం, సోడియంలను కూడా కొంత అమ్మోనియం అనుకుంటాయి. మంచినీటి మురుగులో ఇది చిన్న తప్పు, ఉప్పునీళ్లలో పెద్దది. నైట్రేట్ అయాన్ ప్రోబుకి క్లోరైడ్ అడ్డు, యూవీ నైట్రేట్ సెన్సర్లకి నైట్రైట్, బ్రోమైడ్ అడ్డు. ఉప్పు పెరిగినప్పుడల్లా అమ్మోనియం రీడింగు లేస్తోందంటే, అది బ్యాక్టీరియా బాధా, సెన్సర్ భ్రమా అన్నది ల్యాబు టెస్టుతో తేల్చుకోవాలి. పీహెచ్ పెంచి అమ్మోనియాను వాయువుగా చేసి కొలిచే ఎనలైజర్లకి ఈ బాధ తక్కువ, ఖర్చు మాత్రం ఎక్కువ.

ఇంకొకటి అందరూ మర్చిపోతారు. పొద్దున పదింటికి ఇన్‌లెట్ శాంపిల్, పది గంటల ఐదు నిమిషాలకి అవుట్‌లెట్ శాంపిల్ తీస్తారు. లోపల ఈక్వలైజేషన్ ట్యాంకులో (వచ్చిన నీళ్లన్నీ కలిపి నిలవుంచే చోట) 12 గంటలు, ఎయిరేషన్‌లో 24 గంటలు నీళ్లుంటే ఆ రెండు శాంపిళ్లూ ఒకే నీళ్లవి కావు. అవుట్‌లెట్‌ని ఒకటిన్నర రోజు వెనకటి ఇన్‌లెట్‌తో జత చెయ్యాలి. ట్యాంకులో నీళ్లు కలిసిపోతాయి కాబట్టి నిన్నటివీ, మొన్నటివీ రెండూ ఇస్తే ఇంకా మంచిది.

రొయ్యల ప్లాంటుకే ప్రత్యేకమైన రెండు కాలమ్‌లు కూడా అడిగి రాయించుకోండి. రొయ్య మీద నల్ల మచ్చ రాకుండా వాడే మెటాబైసల్ఫైట్ నీళ్లు ఏ షిఫ్టులో వదిలారు? అది ట్యాంకులో ఆక్సిజన్‌ని లాగేసుకుంటుంది. ఫ్లోరు క్లోరిన్‌తో కడిగింది ఎప్పుడు? క్లోరిన్ నైట్రిఫైయర్లని, అంటే అమ్మోనియాను మార్చే ఆ బ్యాక్టీరియాని, నేరుగా చంపుతుంది. ఈ రెండూ ఏ సెన్సర్ మీదా సరిగా కనపడవు. సూపర్‌వైజర్ల వాట్సాప్ గ్రూపులో మాత్రం ఉంటాయి.

26 గ్రాముల ప్రశ్నకి ఎవరి జవాబేంటి

ముందు "నిన్నటి రీడింగే రేపటి అంచనా" అనే పద్ధతి. దీన్ని మోడల్ అనడానికి నవ్వొస్తుంది గానీ, దీన్ని ఓడించలేని ఖరీదైన మోడళ్లు చాలానే ఉన్నాయి. మీ దగ్గర ఎవరైనా సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వస్తే, నిన్నటి రీడింగుతో పోల్చి చూపించమనండి. మాట మార్చారంటే అక్కడే ఆపెయ్యండి. 26 గ్రాముల ప్రశ్నకి దీని జవాబు: "నిన్నటిలాగే." తప్పే. కానీ తప్పని ఒప్పుకుంటూ చెప్పే తప్పు.

లీనియర్ రిగ్రెషన్ డేటా మీద ఒక తిన్నని గీత గీసి, దాన్ని అలాగే ముందుకి పొడిగిస్తుంది. ఉప్పు ఒక గ్రాము పెరిగితే అమ్మోనియా ఇంత పెరుగుతుంది, 8 గ్రాములు పెరిగితే దానికి 8 రెట్లు. నిజంలో ఉప్పు ప్రభావం గీతలా ఉండదు. కొంతదాకా బురద ఓర్చుకుంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా జారిపోతుంది. కాబట్టి లీనియర్ మోడల్ తక్కువ చెప్పే అవకాశం ఎక్కువ. అయినా దీన్ని తప్పకుండా వెయ్యమంటాను, ఎందుకంటే ఏ కాలమ్ ఎటు లాగుతోందో కళ్లకు కనబడుతుంది. ఉప్పు పెరిగితే అమ్మోనియా తగ్గుతుందని గుణకం వస్తే డేటాలో ఎక్కడో తప్పుందని అర్థం.

రాండమ్ ఫారెస్ట్, ఎక్స్‌జీబూస్ట్ చెట్ల జాతి, అంటే కొమ్మ కొమ్మకీ ఒక ప్రశ్న వేసే డెసిషన్ ట్రీలు. మొదటిది 2001 నాటిది, రెండోదాని పరిశోధన పత్రం 2016లో వచ్చింది. టేబుల్ రూపంలో ఉన్న డేటాకి ఇవి మంచి పనిమంతులు. మధ్యలో ఖాళీలున్నా ఎక్స్‌జీబూస్ట్ సర్దుకుంటుంది, వంకర సంబంధాలనూ పట్టేస్తుంది. 26 గ్రాముల ప్రశ్న దగ్గరే వీటి బండారం బయటపడుతుంది. చెట్టు ప్రతి కొమ్మ దగ్గరా "ఉప్పు 17 కన్నా ఎక్కువా?" లాంటి ప్రశ్న వేసి ఒక అరలో పడేస్తుంది. 18కీ 26కీ అర ఒకటే. అందువల్ల మిగతా కాలమ్‌లన్నీ ఒకేలా ఉంటే 18 గ్రాముల రోజుకి చెప్పిన జవాబే 26కీ చెబుతుంది. పైగా ఏ అనుమానమూ లేకుండా, అంతే నమ్మకంగా. నేను మొదట్లో ఈ విషయం పట్టించుకోకుండానే ఎక్స్‌జీబూస్ట్ పెట్టి పరువు పోగొట్టుకున్నాను.

దీనికి విరుగుడు ఉంది. ట్రైనింగ్ డేటా హద్దులు పక్కన రాసి పెట్టుకుని, కొత్త రోజు ఆ హద్దు దాటితే అంకె చూపించకుండా "నాకు తెలియదు" అని చెప్పించాలి. నాలుగు లైన్ల కోడ్. ఇంకో వెసులుబాటు: ఎక్స్‌జీబూస్ట్‌లో ఒక కాలమ్ పెరిగితే జవాబు తగ్గకూడదని షరతు పెట్టొచ్చు. "ఉప్పు మార్పు ఎంత" అనే కాలమ్‌కి ఈ షరతు పెడితే, తక్కువ డేటా వల్ల వచ్చే పిచ్చి వంకర్లు చాలావరకు పోతాయి. వట్టి ఉప్పు కాలమ్‌కి మాత్రం పెట్టకండి, అలవాటు పడ్డ బురద విషయంలో అది నిజం కాకపోవచ్చు.

ఎస్‌వీఆర్ (సపోర్ట్ వెక్టర్ రిగ్రెషన్) గురించి ఎక్కువ చెప్పను. తక్కువ డేటా మీద బాగానే పనిచేస్తుంది. కానీ అది చేసే పని గాసియన్ ప్రాసెస్ కూడా చేసి, పైన ఒక మేలు కలుపుతుంది.

ఆ మేలేంటంటే, గాసియన్ ప్రాసెస్ ప్రతి అంచనాతోపాటు ఒక పట్టీ ఇస్తుంది. 15 గ్రాముల రోజు "28, అటూ ఇటూ 4" అంటే, 26 గ్రాముల రోజు "35, అటూ ఇటూ 22" అన్నట్టుగా చెబుతుంది. అంకెలు నేను ఉదాహరణకి వేసినవే, పద్ధతి మాత్రం అదే: తను చూసిన డేటాకి దూరంగా పోయేకొద్దీ పట్టీ వెడల్పవుతుంది. ఆపరేటరుకి కావాల్సింది ఇదే. వెడల్పు పట్టీ కనిపిస్తే ఈక్వలైజేషన్ ట్యాంకులో నీళ్లు ఆపుకోవాలని, బ్లోయర్ పెంచాలని తెలుస్తుంది. డేటా వేల వరసలు దాటితే ఇది నెమ్మదిస్తుంది. మన లాగ్‌బుక్కులకి ఆ బాధ లేదు, ఏడాదికి 365 వరసలేగా.

న్యూరల్ నెట్‌వర్కుల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది పడేది ఇక్కడే. అయిదు ఇన్‌పుట్లు, మధ్య పొరలో పది న్యూరాన్లు, ఒక అవుట్‌పుట్. చూడ్డానికి చిన్న నెట్‌వర్క్. లోపల నేర్చుకోవాల్సిన అంకెలు 71. మీ రియాక్టర్ డేటా 60 వరసలైతే, తెలియనివి 71, తెలిసినవి 60. అలాంటప్పుడు ఆర్-స్క్వేర్డ్ 0.99 రాకపోతేనే ఆశ్చర్యపడాలి. మూడు కారకాల బాక్స్-బెంకెన్ డిజైన్‌లోని (తక్కువ ప్రయోగాలతో సరిపెట్టే ప్రణాళిక) 17 ప్రయోగాల మీద న్యూరల్ నెట్ వేసి గొప్పగా చూపించే పత్రాలు చూస్తుంటే నాకు బట్టీ పట్టిన పిల్లాడి ప్రోగ్రెస్ రిపోర్టు గుర్తొస్తుంది.

ఎల్‌ఎస్‌టీఎం 1997 నుంచీ ఉంది. వరసగా వచ్చే డేటాలో వెనకటి సంగతులు గుర్తుపెట్టుకోవడం దాని పని. బురదకి జ్ఞాపకం ఉంటుంది కాబట్టి ఈ జోడీ కుదిరినట్టే అనిపిస్తుంది. కానీ ఎనిమిది ఇన్‌పుట్లు, 64 యూనిట్ల మామూలు ఎల్‌ఎస్‌టీఎం పొరలో నేర్చుకోవాల్సిన అంకెలు 18,688. లాగ్‌బుక్కుతో దీన్ని పోషించలేం. అయిదు పది నిమిషాలకోసారి రీడింగు ఇచ్చే సెన్సర్లు, కనీసం ఏడాది పైగా డేటా, అందులో ఉప్పు దెబ్బలు పదుల సంఖ్యలో, ఇవన్నీ ఉంటే ఆలోచించండి. లక్ష వరసలున్నా ఉప్పు దెబ్బ రెండే సార్లు తగిలి ఉంటే, మోడల్ చూసింది రెండు ఉదాహరణలే. 26 గ్రాముల ప్రశ్నకి న్యూరల్ నెట్ ఏం చెబుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. నాలుగు సార్లు ట్రెయిన్ చేస్తే నాలుగు జవాబులు రావచ్చు.

చివరగా, బ్యాక్టీరియా లెక్కలే సమీకరణాలుగా రాసిన మోడళ్లు. 1987లో వచ్చిన ఏఎస్ఎం1 (యాక్టివేటెడ్ స్లడ్జ్ మోడల్ నంబర్ 1) వీటికి మూలం: 13 పదార్థాలు, 8 ప్రక్రియలు. కానీ దాంట్లో ఉప్పు అన్న మాటే లేదు. పైగా నైట్రిఫికేషన్ మొత్తాన్ని ఒకే దశగా చూస్తుంది, నైట్రైట్ విడిగా ఉండదు. ఉప్పునీళ్లలో అసలు గొడవంతా నైట్రైట్ దగ్గరే కాబట్టి దీన్ని ఉన్నదున్నట్టు వాడలేం. రెండు దశలుగా విడగొట్టి, ఉప్పు పెరిగేకొద్దీ బ్యాక్టీరియా వేగం తగ్గే పదం ఒకటి చేర్చాలి. అది చేశాక 26 గ్రాముల ప్రశ్నకి అర్థవంతమైన జవాబు ఇవ్వగలిగేది ఇదొక్కటే, ఎందుకంటే ఉప్పు ప్రభావం ఎక్కడ ఎలా వంపు తిరుగుతుందో దానికి తెలుసు. దీని అంచనా ఎంత తప్పిందో ఆ తేడాని మాత్రం ఎక్స్‌జీబూస్ట్‌కో గాసియన్ ప్రాసెస్‌కో నేర్పితే అది హైబ్రిడ్. వినడానికి బాగుంది. చెయ్యడానికి ఈ సమీకరణాల్లో చెయ్యి తిరిగిన మనిషి ఒకరు, నెలల ఓపిక కావాలి.

ఎవరికి ఏది

విద్యార్థులకి: మీ దగ్గర 0, 10, 20, 30 గ్రాముల ఉప్పుతో నడిచే నాలుగు రియాక్టర్లున్నాయనుకుందాం. గాసియన్ ప్రాసెస్ తీసుకోండి, పక్కన లీనియర్ పెట్టండి. వరసలన్నీ కలిపి చీట్లు తీసినట్టు 80–20 విడగొట్టకండి. ఒక రియాక్టర్‌ని మొత్తంగా దాచి, మిగతా మూడింటి మీద ట్రెయిన్ చేసి, దాచినదాన్ని చెప్పమనండి. ఆర్-స్క్వేర్డ్ 0.99 నుంచి 0.5కి పడొచ్చు. గైడ్ ముఖం చిట్లించినా ఆ 0.5 నిజం. ముఖ్యంగా 30 గ్రాముల రియాక్టర్‌ని దాచినప్పుడు ఏమవుతుందో థీసిస్‌లో ఒక పేజీ రాయండి, వైవాలో అడిగేది అదే.

లాగ్‌బుక్కు ఇంజినీర్లకి: ఏడాదిపాటు రోజుకో వరస ఉంటే, హద్దుల కాపలా పెట్టిన ఎక్స్‌జీబూస్ట్ గానీ, గాసియన్ ప్రాసెస్ గానీ. రెంటిలో ఒకటే చెప్పమంటే నేను గాసియన్ ప్రాసెస్ వైపే. కాలమ్‌లు పది దాటి, ఖాళీలు ఎక్కువగా ఉంటే ఎక్స్‌జీబూస్ట్. ఏ కాలమ్ ఎంత లాగిందో మేనేజరుకి చూపించాలంటే దానికి షాప్ (SHAP) బొమ్మలు, అంటే ఒక్కో కాలమ్ వాటా చూపించే గ్రాఫులు, తోడు పెట్టుకోవచ్చు. ఆ బొమ్మలు మోడల్ ఏం అనుకుంటోందో చెబుతాయి, ట్యాంకులో ఏం జరుగుతోందో కాదు. దొంగ సీఓడీ కాలమ్ ఇస్తే బొమ్మలో దానికే పెద్ద పీట పడుతుంది.

ఆరు నెలల డేటా కూడా లేనివాళ్లకి నా మాట: మోడల్ వద్దు. ఇన్‌లెట్‌లో ఒక కండక్టివిటీ మీటరు పెట్టి, ముల్లు నిన్నటికన్నా బాగా ఎగిరినా, పడినా మోగే అలారం పెట్టండి. ఆ డబ్బుతో వీలైతే ఈక్వలైజేషన్ ట్యాంకు పెద్దది చేయించండి. ఉప్పు ఊపుని చల్లార్చే ట్యాంకు ముందు ఏ ఎల్‌ఎస్‌టీఎం అయినా దిగదుడుపే.

సెన్సర్లున్న కంపెనీలకి: మొదటి మూడు నెలలు మోడల్ జోలికి పోకుండా సెన్సర్లనే ల్యాబు రీడింగులతో సరిచూడండి. తర్వాత ఎక్స్‌జీబూస్ట్‌కి వెనకటి గంటల రీడింగులు కాలమ్‌లుగా ఇచ్చి చూడండి. ఎల్‌ఎస్‌టీఎం దాన్ని స్పష్టంగా ఓడిస్తేనే ఎల్‌ఎస్‌టీఎం. రెండు మూడు శాతం తేడా కోసం ఆ తలనొప్పి పెట్టుకోకండి, అది చెడిపోయినప్పుడు బాగుచేసే మనిషి ఊళ్లో దొరకడు. కొత్త ఉత్పత్తి మొదలెట్టబోతున్నారు, ఉప్పు ఇప్పటిదాకా చూడని స్థాయికి పోతుందని ముందే తెలిస్తే మాత్రం హైబ్రిడ్ మీద డబ్బు పెట్టడం న్యాయమే.

పరీక్ష విషయంలో ముగ్గురికీ ఒకటే చెబుతాను. కాలం వరసలో విడగొట్టండి: మొదటి తొమ్మిది నెలలు నేర్చుకోవడానికి, చివరి మూడు నెలలు పరీక్షకి. బురద నెమ్మదిగా మారుతుంది కాబట్టి సోమవారం ట్రైనింగ్‌లో, మంగళవారం టెస్టులో పడితే అది పరీక్ష పేపరు ముందే చూపించినట్టు. సగటు తప్పు ఎంతో చూశాక, పరిమితి దాటిన రోజుల్ని విడిగా లెక్కపెట్టండి. చివరి మూడు నెలల్లో అమ్మోనియా 50 దాటింది ఆరు రోజులే అయితే, వాటిలో ఎన్నిటిని ముందురోజే పట్టుకుంది? ఆరింటిలో ఒకటి పట్టుకుని సగటు తప్పు 3 మిల్లీగ్రాములు చూపించే మోడల్ కన్నా, అయిదు పట్టుకుని సగటు తప్పు 6 చూపించేదాన్నే నేను తీసుకుంటాను. ఊరికే రెండు మూడు సార్లు అలారం మోగితే బ్లోయర్ కరెంటు కాస్త ఎక్కువ కాలుతుంది. మోగాల్సినప్పుడు మోగకపోతే బోర్డు వాళ్లు శాంపిల్ పట్టుకెళతారు.

భీమవరం ప్లాంటు సంగతికొస్తే, అక్కడ చివరికి నిలిచింది గాసియన్ ప్రాసెస్. అయితే అంతకన్నా ముందు లాగ్‌బుక్కులో ఒక కాలమ్ పెరిగింది: "రాత్రి ఏం వదిలారు". ఆ ఆపరేటరే నింపుతాడు, "11 గం. ఉప్పు ట్యాంకు 2 ఖాళీ", "క్లోరిన్ కడుగుడు, బి షెడ్డు" అని బాల్‌పెన్నుతో. ఆ కాలమ్ ఖాళీగా ఉన్న రోజు స్క్రీన్ మీద అమ్మోనియా అంకె రాదు. "రాత్రి ఏం వదిలారు?" అన్న ప్రశ్నే వస్తుంది. ఆయనకి అది భలే నచ్చింది. "ఇప్పుడు మీ కంప్యూటరు కూడా నన్నే అడుగుద్దండీ" అన్నాడు.